బొజ్జన్నకొండ మీద రాళ్ళు: కల్పిత జాతుల గట్లు ఎవరు వేశారు?

అనకాపల్లి టౌను దాటి శంకరం ఊరి వైపు వెళ్తే పొలాల మధ్య రెండు గుట్టలు కనిపిస్తాయి. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. రెండూ బౌద్ధుల కొండలే. రాతిని తొలిచిన గుహలు, గుండునే చెక్కి మలిచిన ఏకశిలా స్తూపాలు, ఇటుక కట్టడాలు, కూర్చున్న బుద్ధుడి విగ్రహాలు ఇక్కడున్నాయి. సంఘారామం అనే మాట జనం నోళ్ళలో నలిగి నలిగి శంకరం అయిందని చరిత్రకారులు చెప్తారు. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి బిరుదున్న చాళుక్య విష్ణువర్ధనుడి రాగి నాణేలు దొరికాయి. ఒకటీ అరా ఏళ్ళు కాదు, కొన్ని వందల ఏళ్ళు భిక్షువులు బతికిన చోటు ఇది.

ఇవేవీ మాకు చిన్నప్పుడు తెలీవు. మాకు తెలిసింది ఒక్కటే. కొండ మీద రాక్షసుడి బొజ్జ ఉంది, కనుమ రోజు దాన్ని రాయితో కొట్టాలి. చుట్టుపక్కల ఊళ్ళ జనం సంక్రాంతి మర్నాడు బళ్ళు కట్టుకుని, తర్వాత్తర్వాత ఆటోలెక్కి, తీర్థానికొచ్చినట్టు వచ్చేవాళ్ళు. బొజ్జలాగా ఉబ్బివున్న ఆకారం ఒకటి చూపించి, అదే రాక్షసుడన్చెప్పి రాళ్ళు రువ్వేవాళ్ళు. మేమూ రువ్వాం. గురి తగిలితే ఎగిరి గంతేశాం. ఆ రాళ్ళ వల్ల కొండ మీది కట్టడాలు పాడవుతున్నాయని ప్రభుత్వమూ, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ వాళ్ళూ పట్టుబట్టాక ఆ ఆచారం ఆగింది. కనుమకి జనం మాత్రం ఇప్పటికీ వస్తారు.

ఆ బొజ్జ సంగతి మాకు మళ్ళీ గుర్తొచ్చింది విశాఖలో ఒక హాస్టల్ గదిలో. పీజీ కుర్రాళ్ళు నలుగురైదుగురు మంచం మీద అట్టముక్కలూ పాచికలూ పరిచి ఒక ఆట ఆడుతున్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటారు దాన్ని. ఒకడు కథ నడిపిస్తాడు, మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర కట్టుకుని ఆ కథలో తిరుగుతారు, గెలుపోటములు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా వీధి నాటకానికి దూరపు చుట్టంలా అనిపించింది మాకు. ఆట మొదలయ్యే ముందు ప్రతివాడూ తన పాత్ర గురించి ఒక కాగితం నింపాలి. దాంట్లో ఒక గడి 'రేస్'. వీళ్ళు ఆటని తెలుగులోకి దించుకుంటున్నారు. "అన్నా, రేస్ అంటే తెలుగులో ఏం రాయాలి?" అని ఒకడు మమ్మల్నడిగాడు. జాతి అన్నాం. "మరి కొత్త పుస్తకంలో రేస్ తీసేసి స్పీషీస్ అని పెట్టారు, దానికో?" దానికీ జాతే అన్నాం. వాడు నవ్వాడు. "మా సర్టిఫికెట్ మీద ఉండేది కూడా అదే కదన్నా!"

వాడు వేళాకోళానికన్నా ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఇంగ్లీషులో మూడు నాలుగు వేరువేరు మాటలున్న చోట మనకి ఒకే మాట ఎందుకుంది? లేని జాతుల్ని కలిపించి, వాటి మధ్య గట్లేసి, ఆ గట్లు చెరగకుండా కాపలా కాయడం అనే పని కొత్తగా అమెరికావాళ్ళు కనిపెట్టిందా? మన దగ్గర అది ఎప్పట్నుంచి నడుస్తోంది? ఈ వ్యాసం ఆ ప్రశ్నల వెంట సాగిన వెతుకులాట.

ముందు ఆ ఆట చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని అచ్చేశారు. మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలే. అందులో ఆటగాడు మనిషి కావొచ్చు, లేదా డ్వార్ఫ్, ఎల్ఫ్, హాబిట్ కావొచ్చు. మనిషి ఎంతవరకైనా ఎదగొచ్చు. డ్వార్ఫ్ మాత్రం యుద్ధవీరుడే కావాలి, అందులోనూ ఆరో మెట్టు దాటకూడదు. హాబిట్‌కి నాలుగో మెట్టే ఆఖరు. ఎల్ఫ్‌కి కత్తిలో నాలుగు, మంత్రంలో ఎనిమిది. ఎంత బాగా ఆడినా, పాచిక ఎంత కలిసొచ్చినా సరే, పుట్టుక దగ్గరే మెట్ల లెక్క తేలిపోయింది! మనిషి లోకంగానే ఈ ఆటని ఉంచాలన్నది గైగాక్స్ ఉద్దేశం. 1978లో వచ్చిన ఆటగాళ్ళ పుస్తకంలో ఇంకో పట్టిక చేర్చారు. ఏ జాతికి ఏ జాతంటే ఇష్టం, దేన్ని సహిస్తుంది, దేన్ని అసహ్యించుకుంటుంది అని అడ్డం గళ్ళూ నిలువు గళ్ళూ గీసి అక్షరాలు వేసిన పట్టిక. అర్ధ ఎల్ఫ్, అర్ధ ఆర్క్ అనే కలగలుపు పుట్టుకలకీ అందులో వేరే గళ్ళున్నాయి. మెట్ల పరిమితి 2000లో వచ్చిన మూడో కూర్పుతో గానీ పోలేదు.

ఆ పట్టిక చూసినప్పుడు మాకు మనుధర్మశాస్త్రం పదో అధ్యాయం గుర్తుకొచ్చింది. అక్కడా ఇదే పని. ఏ వర్ణపు మగవాడికీ ఏ వర్ణపు ఆడదానికీ పుడితే ఏమవుతాడు, వాడు ఎక్కడుండాలి, ఏం పని చెయ్యాలి. శూద్రుడికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాడు చండాలుడు. ఇంకా కిందికి పోతే ఆంధ్రుడనేవాడొకడు తగుల్తాడు, మేదుడితో కలిపి, ఊరి బయట ఉండాల్సినవాడిగా. మన రాష్ట్రం పేరులో ఉన్న ఆంధ్ర అన్న మాట ఆ పుస్తకం లెక్కన ఒక సంకరజాతి. ఐతరేయ బ్రాహ్మణంలో కూడా విశ్వామిత్రుడి శాపం తగిలిన కొడుకుల సంతతిగా ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందుల్ని ఒకే కట్టలో కట్టారు. శ్రీకాకుళం కొండల్లో సవరలు ఈ రోజుకీ ఉన్నారు. ఆంధ్రులమని గర్వంగా చెప్పుకునే పెద్దకులాల వాళ్ళు ఆ కట్టలో తమ పక్కన ఎవరున్నారో ఎప్పుడైనా చూసుకున్నారా?

ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. అమెరికా వాడి పట్టిక పుస్తకం మూస్తే అయిపోతుంది. పదో అధ్యాయాన్ని మూసినవాడు లేడు.

ఇక రాక్షసులు. సంస్కృత నిఘంటువు అమరకోశం స్వర్గవర్గంతో మొదలవుతుంది. దాంట్లో దేవతల తర్వాత పది దేవయోనుల్ని లెక్కపెట్టారు. విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచులు, గుహ్యకులు, సిద్ధులు, భూతాలు. అంటే రాక్షసుడు ఈ లెక్కలో దేవతల సంతులోనే ఉన్నాడు. అసురులు వేరే వరస. ఆ వరసలో అసురులకిచ్చిన పేర్లలో 'పూర్వదేవులు' అన్నదొకటుంది. ముందటి దేవుళ్ళు! ఒకప్పుడు దేవుళ్ళుగా ఉండి తర్వాత పదవి పోయినవాళ్ళని ఆ మాటే ఒప్పుకుంటోంది. ఆ వెంటనే, బ్రహ్మ విష్ణువుల కంటే ముందు, వచ్చేవి బుద్ధుడి పేర్లు. అమరసింహుడు బౌద్ధుడని సంప్రదాయం చెప్తుంది. అది నిజమైనా కాకపోయినా, అసురుల పేర్లకీ బ్రహ్మ పేర్లకీ మధ్య బుద్ధుడు కూర్చున్న ఆ చోటు మాకు బొజ్జన్నకొండని గుర్తుచేస్తుంది.

నిఘంటువు పేర్లిస్తే, రంగు పూసింది నాట్యశాస్త్రం. వేషధారణ చెప్పే అధ్యాయంలో ఎవరి ముఖానికి ఏ రంగు వెయ్యాలో ఉంది. దైత్యులు, దానవులు, రాక్షసులు, పిశాచులు నల్లరంగు. అక్కడితో ఆగలేదు. అదే అధ్యాయంలో మనుషుల రంగులూ చెప్పారు. కిరాతులు, బర్బరులు, ఆంధ్రులు, ద్రవిడులు, పుళిందులు, దక్షిణాదివాళ్ళు చాలామటుకు నలుపు. బ్రాహ్మణ క్షత్రియులు గౌరవర్ణం, వైశ్య శూద్రులు చామనచాయ. అంటే రంగులగిన్నె దగ్గరికొచ్చేసరికి రాక్షసుడూ ఆంధ్రుడూ ఒకే గిన్నెలో వేలు ముంచారు. కల్పిత జాతికీ మనిషి జాతికీ మధ్య ఉండాల్సిన గట్టు అక్కడ లేదు. ఆ గట్టు తీసేసి, పైవాడికీ కిందివాడికీ మధ్య గట్టు వేశారు. ఇదే మేము చెప్పదలుచుకున్న అసలు సంగతి.

మా ఊళ్ళో (పేరు చెప్పం) శ్రీరామనవమికి నాటకం కట్టేవాళ్ళు. రాముడి వేషం, లక్ష్మణుడి వేషం ఊళ్ళోవాళ్ళవి. మా పేట కుర్రాళ్ళకి రాక్షస మూక వేషాలు. "ఈళ్ళకి రంగక్కర్లేదు, నూనె రాస్తే సాలు" అని నవ్వేవాళ్ళు. మా పెద్దనాన్న ఒకాయన గదాయుద్ధం భలే చేసేవాడు. పద్యం కూడా బాగా ఎత్తేవాడు, కాని ఆయనకి పద్యం ఉన్న వేషం ఎప్పుడూ దొరకలేదు. 'హా' అని అరవడం, చావడం, లేచి ఇంటికెళ్ళడం. ఆ పెద్దాయనకి నాట్యశాస్త్రం పేరు కూడా తెలీదు. నాట్యశాస్త్రానికి మాత్రం ఆయన బాగానే తెలుసు.

ఐతే ఇన్ని గట్లేసిన గ్రంథాల్లోనే ఆ గట్లు నిలవలేదు. రావణుడి పుట్టుక చూడండి. తండ్రి విశ్రవసుడు, పులస్త్యుడి కొడుకు, బ్రాహ్మణుడు. తల్లి కైకసి, సుమాలి అనే రాక్షసుడి కూతురు. అదే విశ్రవసుడికి ఇంకో భార్య వల్ల పుట్టిన కుబేరుడు యక్షులకి రాజయ్యాడు. ఒకే తండ్రికి ఒకడు యక్షపతి, ఒకడు రాక్షసపతి. ఒకే తల్లి కడుపున రావణుడూ విభీషణుడూ. జాతిని బట్టి గుణం అన్న సూత్రం ఆ ఒక్క ఇంట్లోనే కూలిపోయింది. ఉత్తరకాండలో ఈ రెండు జాతుల పుట్టుక గురించే ఒక కథ ఉంది. బ్రహ్మ నీళ్ళు పుట్టించి, వాటిని కాపాడ్డానికి ప్రాణుల్ని పుట్టించాడట. వాళ్ళలో మేము రక్షిస్తామన్నవాళ్ళు రాక్షసులయ్యారు, మేము పూజిస్తామన్నవాళ్ళు యక్షులయ్యారు. రక్షించేవాడు రాక్షసుడని 1873లో గులాంగిరీలో జోతిబా ఫూలే రాస్తే పండితులు నవ్వారు గాని, ఆ వ్యుత్పత్తికి ఆధారం రామాయణంలోనే ఉంది.

అదే ఉత్తరకాండలో శంబూకుడి తల తెగింది. రావణుడు బ్రాహ్మణుడి కొడుకు గనక అతన్ని చంపితే బ్రహ్మహత్య అంటుకుందనీ, దాన్ని పోగొట్టుకోడానికి రాముడు లింగాన్ని ప్రతిష్ఠించాడనీ కథలు పుట్టాయి. శంబూకుడికి అలాంటి కథ ఒక్కటీ పుట్టలేదు. పైగా దేవతలు పూలు చల్లారు. రాక్షసుడికంటే శూద్రుడు కింద. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో శంబూకవధ నాటకం రాసి ఈ పుండు మీద వేలుపెట్టాడు.

ఘటోత్కచుడి సంగతి ఇంకా విప్పి చెప్పాలి. భీముడికీ హిడింబికీ పుట్టినవాడు, ఆ అమెరికా పుస్తకం భాషలో చెప్పాలంటే అర్ధ రాక్షసుడు. కురుక్షేత్రంలో కర్ణుడు ఇంద్రుడిచ్చిన శక్తిని ఇతని మీద వాడేస్తాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషపడతాడు. అర్జునుడు బతికాడన్నది ఒక కారణం. ద్రోణపర్వంలో రెండో కారణం కూడా కృష్ణుడే చెప్తాడు. కర్ణుడు చంపకపోతే నేనే ఏదోనాడు వీణ్ణి చంపాల్సొచ్చేది, వీడు బ్రాహ్మణులకీ యజ్ఞాలకీ శత్రువు అని. తమ కోసం పోరాడి చచ్చిన సొంత మనిషి గురించి అన్న మాట అది! మన పార్టీల్లో, సంఘాల్లో ముందు నిలబడి దెబ్బలు తిన్న మనవాళ్ళ గురించి వెనకనుంచి ఎలాంటి మాటలొచ్చాయో ఎరిగినవాళ్ళకి ఈ ఘట్టం గురించి వేరే వివరించక్కర్లేదు.

వ్యాసుడి భారతంలో లేని శశిరేఖ కథని తెలుగు జనం పెంచుకున్నారు. దాన్నే 1957లో కె.వి. రెడ్డి మాయాబజార్‌గా తీశాడు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు. అర్ధ రాక్షసుణ్ణి ఇంటిల్లిపాదీ ప్రేమించిన సినిమా అది. ఐనా గట్టు అక్కడా ఉంది, భాషలో ఉంది. పింగళి నాగేంద్రరావు రాక్షసులకి వేరే మాటలు సృష్టించాడు. అసమదీయులు, తసమదీయులు, వీరతాడు. రాక్షస గురువు శిష్యులకి సంస్కృతం నేర్పబోతే వాళ్ళ నోట్లో అది విరిగి మొదటి రెండు మాటలయ్యాయి. హాల్లో జనం నవ్వుతారు. మేమూ నవ్వాం, ఇప్పటికీ నవ్వుతాం. కాని యూనివర్సిటీలో మొదటి సెమినార్‌లో 'ప్రత్యామ్నాయం' అన్న మాట మా నోట్లో విరిగినప్పుడు వెనక బెంచీల నుంచి వచ్చిన నవ్వు కూడా అదే నవ్వు. మనవాళ్ళు, పరాయివాళ్ళు అన్న తేడా చెప్పే మాటల్నే ఆ రాక్షసులు తప్పు పలకడం పింగళి తెలిసి చేశాడో తెలీక చేశాడో గాని, గొప్ప పని చేశాడని మా అభిప్రాయం.

ఇంతవరకు వచ్చాక మనవాళ్ళలో చాలామంది తేల్చే మాట ఒకటుంది. ఐతే మనమే రాక్షసులం, మనమే అసురులం, గర్వంగా చెప్పుకుందాం. ఈ మాటకి బలం లేకపోలేదు. జార్ఖండ్‌లో ఇనుము కరిగించే వృత్తి చేసిన అసుర్ అనే ఆదివాసులున్నారు, మహిషాసురుణ్ణి తమ పూర్వీకుడిగా చెప్పుకుంటారు. మన దగ్గర నార్ల వెంకటేశ్వరరావు 1979లో సీతజోస్యంలో రాక్షసుల్ని అడవి మీద బతికే తెగలుగా చూపించాడు. అంబేద్కర్ కూడా 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకంలో నాగులూ ద్రవిడులూ ఒకే ప్రజ అని వాదించాడు.

కాని అదే అంబేద్కర్ 1936లో కులనిర్మూలనలో రాసింది కూడా చదవాలి. కులాలు వేరువేరు జాతులన్న వాదాన్ని ఆయన తిప్పికొట్టాడు. పంజాబు బ్రాహ్మణుడూ పంజాబు చమారూ ఒకే జాతి మనుషులని చూపించాడు. మనిషీ జంతువూ వేరు జీవజాతులని శాస్త్రం అంటుంది గాని, జాతిశుద్ధి నమ్మే శాస్త్రజ్ఞులు కూడా మనుషుల్లో వేరు జీవజాతులున్నాయని అనరనీ, అందరూ ఒకరితో ఒకరు కలిసి పిల్లల్ని కనగలరనీ, ఆ పిల్లలు మళ్ళీ కనగలరనీ అన్నాడు. లాహోరులో చదవనివ్వని ఆ ప్రసంగంలో 'రేస్', 'స్పీషీస్' అన్న రెండు మాటల్నీ ఎదురెదురుగా నిలబెట్టి తేడా తేల్చినవాడు ఆయన. హాస్టల్ కుర్రాడడిగిన ప్రశ్నకి మేము ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇది, కాని తట్టలేదు.

అందుకని, రాక్షసులు మన రక్తమని చెప్పుకోవడంలో మాకో ఇబ్బందుంది. అలా చెప్తే వాళ్ళ పట్టికని ఒప్పుకుని అందులో మన గడికి రంగు మార్చినట్టవుతుంది. రాక్షసుడనేవాడు ఒక జాతి కాదు, ఒక పని జరిగిన గుర్తు. ఓడినవాణ్ణి, వినని వాణ్ణి వేరే పుట్టుకగా చేసే పని. అందుకు మన కొండలే సాక్ష్యం. లింగాలకొండ మీదివీ స్తూపాలే. వాటిని లింగాలన్నారు, దేవుడి పక్షాన కలిపేశారు. బొజ్జన్నకొండ మీద అదే బౌద్ధం, బుద్ధుడి కొండే బొజ్జన్నకొండ అయిందంటారు. ఆ పేరులోంచి బొజ్జ పుట్టింది, బొజ్జకి రాక్షసుడు పుట్టాడు. పక్కపక్క గుట్టల మీద, ఒకే మతంవాళ్ళు చేసిన రాతిపని ఒకచోట దేవజాతి, ఒకచోట రాక్షసజాతి. రాతిలో లేని తేడా పేరులో పుట్టింది.

అమెరికాలో ఆ ఆట తయారుచేసే కంపెనీ 2020లో ఆర్క్‌ల లాంటి జాతుల్ని పుట్టుకతోనే చెడ్డవిగా చూపించబోమని ప్రకటించింది. నల్లవాళ్ళ ఉద్యమం వీధుల్లో ఉన్న సంవత్సరం అది. 2024 కూర్పులో రేస్ పోయి స్పీషీస్ వచ్చింది. అర్ధ ఎల్ఫ్, అర్ధ ఆర్క్ గళ్ళు ఆటగాళ్ళ పుస్తకంలోంచి తీసేశారు. సగం సగం అన్న మాట అవమానమని వాళ్ళ ఉద్దేశం. మాకు మాత్రం, కలిసి పుట్టినవాడికి ఉన్న కాస్త చోటు కూడా పోయిందేమో అనిపిస్తుంది. కులాంతర వివాహాల పిల్లలకి ఏ గడి ఇవ్వాలని రెవెన్యూ ఆఫీసుల్లో జరిగే గొడవ చూసినవాళ్ళకి ఆ చోటు విలువ తెలుస్తుంది. ఆ పుస్తకంలో మన రాక్షసుడు కూడా ఉన్నాడు. 1975 నుంచీ ఉన్నాడు, పులి తలతో, వెనక్కి తిరిగిన అరచేతులతో. ఏ రూపమైనా ధరించి నమ్మించి దగ్గరికొస్తాడు. వాల్మీకి రాక్షసులూ కామరూపులే. జాతుల గట్లు వేసేవాడికి ఎప్పుడూ ఉండే భయమిదే. మనలాగే కనపడుతున్నాడు, వీడెవడో?

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఒక టౌనులో గది అద్దెకి వెతుక్కున్నాం. ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది, చదువు గురించి అడిగి మెచ్చుకుంది. లేవబోతుంటే, "ఇంతకీ మీరేవుట్లండీ?" అంది. చెప్పాం. గ్లాసు వంక చూసింది.

హాస్టల్ కుర్రాళ్ళు జాతి గడిని కొట్టేసి 'ఎక్కణ్ణుంచి' అని రాసుకున్నారు. ఒకడు సముద్రం అని రాశాడు, ఒకడు చింతపల్లి అడవి అని. ఆట నడిపేవాడు కాసేపు గొణిగాడు, ఇలాగైతే బలాబలాలు ఎలా లెక్కకట్టాలని. తర్వాత ఆడుకున్నారు.

మొన్న కనుమకి నాయనమ్మని అడిగాం, కొండ మీద కొట్టింది ఎవర్నో తెలుసా అని. శారదానది ఒడ్డున చెరుకు కొట్టి, బెల్లం గానుగల దగ్గర చేతులు కాల్చుకున్న మనిషి. "ఏటో బావూ, అందరూ కొట్టీవోరు, మేవూ కొట్టీవోళ్ళం. ముందు ఊరోళ్ళు కొట్టి కిందకి దిగిపోవాల. ఆ తర్వాతే మావు ఎక్కీవోళ్ళం. మా వొంతొచ్చేతలికి పొద్దోయీది, రాయి తగిల్నాదో నేదో కనపడీది కాదు."